మూడు నంబర్ల ఒప్పందం

ఆ మెసేజి వచ్చింది బుధవారం. బుధవారం మాకు టీకాల రోజు. బోగోలు పక్కన సముద్రం ఒడ్డు పాలెంలో, అంగన్‌వాడీ వరండాలో కూర్చుని పిల్లలకు సూదులు వేస్తున్నాను. ఒక చంటివాడి తొడ పట్టుకుని ఉండగా సంచిలో ఫోన్ మోగి ఆగింది. సాయంత్రం ఐసు డబ్బా సర్దుకున్నాక తీసి చూశాను. ఫోన్ కంపెనీ వాళ్లది. ఇంగ్లీషులో పొడవుగా ఉంది. ఒకే బిల్లు మీద ఇంటిల్లిపాదీ వాడుకునే ఫ్యామిలీ ప్లాన్ షరతులు మారుస్తున్నారట. ఇకమీదట ఒక్కొక్క నంబరూ దాన్ని వాడే మనిషి పేరు మీదే ఉండాలట. ఆ మనిషి స్వయంగా షాపుకు వచ్చి ఫోటో దిగి, వేలిముద్ర వేయాలట. కొత్త షరతులు ఇష్టం లేనివాళ్లు ముప్పై రోజుల్లోపల, గడువు తీరకముందే, జరిమానా లేకుండా ఒప్పందం వదులుకోవచ్చు. ఏదీ చేయకపోతే నంబర్లు వాటంతట అవే ఆగిపోతాయి.

"స్వయంగా" అన్న దగ్గర నా చూపు నిలిచిపోయింది.

మా బిల్లు మీద మూడు నంబర్లు. ఒకటి నాది. ఒకటి నా భర్తది. ఆయనా నేనూ అప్పటికి ఏడాది పైగా వేర్వేరు ఊళ్లలో ఉంటున్నాం. మూడోది మా అమ్మాయిది. అది చనిపోయి అప్పటికి ఏడాదిన్నర.

మా సొంత ఇల్లు గూడూరు అవతల, కోట అనే ఊరి దగ్గర. నేను ప్రభుత్వ నర్సుని. చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు ఎవరికీ అక్కర్లేదు, నర్సమ్మ అంటే చాలు. ఆయన రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్. మేత వేయించడం, నీళ్లలో తిరిగే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవడం, పట్టుబడి రోజున రొయ్యలు వలేసి పట్టి లారీ ఎక్కించేదాకా గట్టు మీద నిలబడటం ఆయన పని. మాకు ఒక్కతే కూతురు. పదో తరగతి అయ్యాక గూడూరులో ఇంటర్‌లో చేర్పించాం. రోజూ బస్సులో పోయి రావాలి. కాలేజీ తెరిచే ముందు వారం నుంచీ ఒకటే గొడవ.

"బస్సు తప్పిపోతే ఎవరికి చెప్పేది మా? చెట్టుకి చెప్పేదా?"

చివరికి ముగ్గురం కలిసి నెల్లూరు పోయాం. మూడు ఫోన్లు, మూడు నంబర్లు, మూడేళ్ల ఒప్పందం. ఫోన్లు తక్కువకు వస్తాయి గానీ మూడేళ్లూ ముగ్గురం అందులోనే ఉండాలి. వాళ్ల నాయన సంతకం పెట్టబోతుంటే చేతిలోంచి కాగితం లాక్కుంది.

"చదవకుండా పెట్టొద్దు నాయనా. నేను చదువుతా ఉండు."

షాపు మధ్యలో నిలబడి, ఎక్కడా తడబడకుండా, కోర్టులో చదివినట్టు గట్టిగా చదివింది. నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. మధ్యలో ఆగి, కౌంటర్ దగ్గరి కుర్రాణ్ణి అడిగింది. "ఒకవేళ మేం మధ్యలో మానేస్తే ఏం చేస్తారన్నా?"

"ఎందుకు మానేస్తావ్ పాపా? ముగ్గురూ ఒకే ఇంట్లోనే ఉన్నారు గదా" అని నవ్వాడు అతను.

నంబర్లు కూడా అదే ఏరింది. వరసగా ఉండేవి కావాలని పట్టుబట్టింది. చివరి అంకె ఒక్కటే తేడా. నాయనది ముందు, దానిది మధ్యలో, నాది చివర. ఇంటికి వచ్చాక వంటింట్లో ఉన్న నాకు వసారాలోంచి మొదటి ఫోన్ చేసింది. "ఎవరు?" అన్నాను. "మీ కూతుర్నమ్మా, చింతపండు చారులో ఉప్పు ఎక్కువేయొద్దని చెప్పడానికి చేసినా" అంది. తలుపు అవతల దాని నవ్వు, ఫోన్‌లో దాని నవ్వు, రెండూ ఒక్కసారే వినిపించాయి.

రెండో ఏడు వానలకు మా మండలంలో జ్వరాలు మొదలయ్యాయి. తుఫాను పోయి వారం కాకముందే ప్రతి వీధిలో ఒకరిద్దరు మంచం ఎక్కారు. డెంగ్యూ. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. తొట్లలో నీళ్లు పారబోయించడం, రక్తం తీసి పంపడం, వీటన్నిటికంటే ఎక్కువగా ఒక మాట చెప్పడం నా పని. "జ్వరం తగ్గింది గదా అని ధైర్యంగా ఉండబాకండి. తగ్గినాకే అసలు జాగ్రత్త. కడుపునొప్పి వచ్చినా, వాంతులైనా, నన్ను పిలవండి. ఏ టైమైనా సరే." ఈ మాట ఎన్ని గడపల్లో చెప్పానో నాకే తెలియదు.

మా అమ్మాయికి ఆదివారం జ్వరం వచ్చింది. పరీక్షలో డెంగ్యూ అనే తేలింది. డాక్టరుగారు చూసి, రక్తంలో కణాలు బాగానే ఉన్నాయి, ఇంట్లోనే ఉంచి నీళ్లు బాగా తాగించండి అన్నారు. గురువారం ఉదయం నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. మంచం పక్కనే మోకరించి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఊళ్లో అందరికీ చెప్పిన మాట ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. నాలోని నర్సు ఎక్కడికి పోయిందో తెలియదు. తల్లి ఒక్కతే ఉంది, ఆ తల్లి సంతోషంగా ఉంది.

"పో మా, నాకేం కాదు. బువ్వ పెట్టుకుని తింటాలే" అని అదే నన్ను డ్యూటీకి పంపింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చేసింది. నేను వేరే ఇంట్లో వేరేవాళ్ల బిడ్డకు సెలైన్ కోసం నరం వెతుకుతున్నాను. మాట్లాడాను. నీరసంగా ఉందంది. ఓఆర్ఎస్ పొడి కలిపిన నీళ్లు తాగి పడుకో, ఐదింటికల్లా వచ్చేస్తానన్నాను. వచ్చేటప్పటికి ఐదున్నర. చేతులు మంచులా ఉన్నాయి. నాడి దొరకలేదు. ఆటోలో ఒళ్లో వేసుకుని ఆయనకు ఫోన్ చేశాను, ఆయన దారిలో కలిశాడు. నెల్లూరు ఆసుపత్రిలో వాళ్లు చేయగలిగిందంతా చేశారు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బిడ్డ పోయింది. పదిహేడేళ్లు.

భూస్థాపన అయిన పదో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన ముగిసి పాస్టరుగారు వెళ్లాక బంధువులు భోజనాలకు కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఆయన నిలబడి, అందరూ వినేలా అన్నాడు.

"ఊళ్లో ప్రతి గడపకీ పోయి జాగ్రత్తలు చెప్పింది ఈమె. సొంత బిడ్డ ఫోన్ చేస్తే ఐదింటికి వస్తానన్నది. నాకు ఒక్క ఫోన్ చేసుంటే, పట్టుబడి కాదు, ఏముంటే అది ఇడిసిపెట్టి వచ్చుండేవాణ్ణి."

మా ఆడబిడ్డ తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయింది. ఆయన అన్నది నాకు నిజమే అనిపించింది. అంతకంటే పెద్ద మాటలు నన్ను నేనే అనుకుంటున్నాను అప్పటికే.

ఆ తర్వాత రెండు నెలలు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ ఉన్నట్టు కాదు. ఆయన గుంటల దగ్గరే పడుకునేవాడు. వచ్చినా నా మొహం చూడకుండా తిని పోయేవాడు. ఊళ్లో జ్వరమని ఎవరైనా కబురు చేస్తే నేను పోలేక ఆశా కార్యకర్తను పంపేదాన్ని. బదిలీకి పెట్టుకున్నాను. జిల్లాకు ఈ చివర బోగోలు మండలంలో ఖాళీ ఉందన్నారు, వచ్చేశాను. ట్రంకుపెట్టె ఆటోలో పెడుతుంటే ఆయన వసారాలో నిలబడి చూశాడు. పోవద్దని అనలేదు.

మా అమ్మాయి ఫోన్ నాతోపాటు తెచ్చుకున్నాను. బీరువాలో చీరల పక్కన ఉండేది. దాని లాక్ నంబరు తెలియక ఎన్నడూ తెరవలేకపోయాను గానీ, చార్జింగ్ అయిపోకుండా చూసుకునేదాన్ని. దానికి ఎవరూ ఫోన్ చేయరు. అప్పుడప్పుడు కాలేజీ వాళ్ల సందేశాలు వచ్చి వెలిగేది. ఆ నంబరు తీసేయొచ్చు గదా అని మా చెల్లెలు ఒకసారి అంది. ఒకటి తీస్తే ఒప్పందం మొత్తం తెగిపోతుంది, గడువు దాకా కుదరదు అన్నాను. అది నిజమే. కానీ కుదిరినా నేను తీసేదాన్ని కాదు. బిల్లు ఆయనకు పోయేది, ఆయన కట్టేవాడు. ఆపుదామని ఆయనా ఎన్నడూ అనలేదు. ఇద్దరం ఒక్క మాటైనా అనుకోకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

కంపెనీ మెసేజి వచ్చిన మూడో రోజు ఆయన ఫోన్ చేశాడు. పదకొండు నెలల తర్వాత ఆ గొంతు వినడం.

"కంపెనీవాళ్లది చూసినావా?"

"చూసినా."

"నేను ఫోన్ చేసి అడిగినా. పాప నంబరుకి మనిషి లేకుండా కుదరదంట. అది పోతే ప్లానే లేదంట. మూడూ ఆపేసుకోవాల్సిందే అంటా ఉండారు. ఇద్దరం పోయి సంతకాలు పెట్టాలంట."

"గడువు ఇంకా రెండు నెలలుంది గదా అండీ. వాళ్లే రాయించుకున్నారు గదా మూడేళ్లని."

"వాళ్లు మార్చుకోవచ్చంట. కిందెక్కడో రాసుందంట."

ఆయన వెనక ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"తిన్నావా?" అన్నాడు. పగలు పదకొండు గంటలు అప్పుడు. పొద్దుటి టిఫినుకీ మధ్యాహ్నం అన్నానికీ కాని వేళ. తిన్నానన్నాను.

తర్వాతి సోమవారం నేను బిట్రగుంటలో రైలెక్కాను, ఆయన గూడూరులో ఎక్కాడు. నెల్లూరులో ఆ పెద్ద షాపు ముందు కలుసుకున్నాం. ఆయన బాగా చిక్కాడు. గడ్డం తెల్లబడింది. నేను కొన్న నీలం చొక్కానే వేసుకున్నాడు, కాలరు దగ్గర నలిగిపోయి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. నా చేతిసంచిలో మా అమ్మాయి ఫోన్.

లోపల ఏదో ఆఫర్ ఉన్నట్టుంది, బెలూన్లు కట్టారు. టోకెన్ తీసుకుని పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. కొత్తగా పెళ్లయిన జంటొకటి మా ముందు వరసలో కూర్చుని ఫోన్ రంగు గురించి వాదించుకుంటోంది. మా నంబరు పిలిచారు. కౌంటర్‌లో ఇరవై ఏళ్ల అమ్మాయి. నవ్వుతూ పలకరించింది.

"ఫ్యామిలీ ప్లానా సార్? ఎందుకు సార్ వదులుకోవడం, కంటిన్యూ చేసుకోండి. అయిదు నిమిషాల పని. ముగ్గురూ వచ్చారా? మధ్యలో ఉన్న ఈ నంబర్ ఎవరిది, పాపదా? కాలేజీలో ఉన్నారా? పర్లేదు మేడం, సాయంత్రం తీసుకొచ్చినా చేసేస్తాను."

ఆయన కవరు ముందుకు తోశాడు గానీ తెరవలేకపోయాడు. నేనే తీసి మరణ ధ్రువపత్రం ఆ పిల్ల ముందు పెట్టాను. చదివింది. కుర్చీలోంచి లేచి నిలబడింది. "సారీ మేడం" అని, మళ్లీ కూర్చుని, కంప్యూటర్ వైపు చూస్తూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒప్పందం వదులుకోవడానికి కారణం రాయాలట. కంప్యూటర్‌లో కొన్ని కారణాలు వాళ్లే రాసి పెట్టుకున్నారు, అందులో ఒకటి ఎంచాలి. సిగ్నల్ బాగాలేదని, ఊరు మారుతున్నామని, కొత్త షరతులు సమ్మతం కాదని.

"చనిపోయారని పెట్టడానికి ఉంది సార్, కానీ అది ఆ ఒక్క నంబర్‌కే వస్తుంది. మీ రెండిటికీ ముందుగా వదిలేసినట్టు పడి జరిమానా చూపిస్తుంది. షరతులు సమ్మతం కాదు అని పెడితే మూడూ ఒకేసారి క్లోజ్ అయిపోతాయి. ఏది పెట్టమంటారు?"

ఆయన నా వైపు చూశాడు.

"షరతులే పెట్టు తల్లీ" అన్నాడు.

సంతకాలు మొదలుపెట్టబోతుండగా నాకు ఒక కోరిక పుట్టింది. ఇంతసేపూ లేనిది, అప్పుడే పుట్టింది. మూసేస్తే ఆ నంబరుది ఇక ఏదీ మిగలదు. ఆఖరి రోజు అది ఎవరెవరితో మాట్లాడిందో చూసుకోవాలనిపించింది. స్నేహితురాళ్లు ఉండేవాళ్లు, ఒకరితో అరగంటలకొద్దీ మాట్లాడేది. ఆ పేర్లు తెలియకపోయినా, ఆ రోజు దానికి ఎవరో తోడున్నారని తెలిస్తే చాలనిపించింది.

"అమ్మా, ఈ నంబరుది పాత బిల్లు ఇస్తావా? ఆ నెలది. కాల్స్ అన్నీ ఉండేది."

ఆ పిల్ల ఏమీ అనకముందే ఆయన అన్నాడు, "ఎందుకు ఇప్పుడు అదంతా? సంతకం పెట్టి పోదాం పా."

"చూసుకుంటా. ఒక్క కాగితమే గదా."

"ఉంటుంది మేడం. క్లోజ్ చేసేలోపే తీయాలి. సార్ పేరు మీద ఉంది కాబట్టి సార్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెప్తే ప్రింట్ ఇస్తాను."

ఆయన చేతిలో ఫోన్ టింగుమంది. దాన్ని చూస్తూ ఉండిపోయాడు. బిడ్డ గుర్తొచ్చి ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. నేనూ అదే స్థితిలో ఉన్నాను.

"సార్, మూడు నిమిషాలే పనిచేస్తుంది" అంది ఆ పిల్ల మెల్లగా.

అప్పుడు చెప్పాడు. ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పాడు. నాలుగో అంకె దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

మూడు కాగితాలు వచ్చాయి. మూడోదానిలో చివరి తేదీ. ఉదయం ఎవరో స్నేహితురాలితో పదకొండు నిమిషాలు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మధ్యాహ్నం మూడు గంటల నాలుగు నిమిషాలకు ఒక కాల్, రెండు నిమిషాల పది సెకన్లు. మూడూ తొమ్మిదికి నాకు, ముప్పై ఎనిమిది సెకన్లు. దాని కింద గీత, గీత కింద మొత్తం.

మూడూ నాలుగు కాల్ నంబరు చివరి అంకె చూశాను. పొరపాటు పడ్డానేమోనని వేలు పెట్టి మళ్లీ చూశాను. అది ఆయన నంబరు.

తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ కాగితంలో ఏముందో ఆయనకు ముందే తెలుసు. తెలిసీ ఆ అంకెలు చెప్పాడు.

అక్కడేమీ అడగలేదు. ఆ పిల్ల కాగితాలు తిప్పుతుంటే ఇద్దరం ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాం. చివర ఒక మీట నొక్కి, "అయిపోయింది మేడం" అంది. సంచిలోంచి మా అమ్మాయి ఫోన్ తీసి చూశాను. పైన సిగ్నల్ గీతలు ఉండేచోట చిన్న ఇంటూ గుర్తు పడింది.

బయట షాపు మెట్ల పక్కన సిమెంటు దిమ్మె ఉంది. దాని మీద కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. ఎదురుగా బండి మీద చెరుకురసం మిషను తిరుగుతోంది.

"ఏమని చెప్పింది?" అన్నాను.

"ఇక్కడొద్దు."

"ఏమని చెప్పింది?"

ఆయన నా పక్కన కూర్చున్నాడు. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"కడుపులో నొప్పిగా ఉంది నాయనా, ఒకసారి వస్తావా అనింది. లారీ వచ్చి నిలబడుంది. వల గుంటలో ఉంది. కొనేవాళ్లు తూకం దగ్గర కేకలు పెడతా ఉండారు. నేను రాలేను తల్లీ, మీ అమ్మకి చెయ్యి, అమ్మకి తెలుసు ఏం చెయ్యాల్నో అన్నా. అమ్మ పనిలో ఉంటది నాయనా అనింది. ఏం కాదు చెయ్యి అన్నా. సరే నాయనా అని పెట్టేసింది."

"కడుపునొప్పి అని చెప్పిందా?"

"చెప్పింది."

"మీకు చెప్పిందా?"

ఆయన తల ఊపాడు.

నాకు చెప్పలేదు. నాకు నీరసం అని మాత్రమే చెప్పింది. కడుపునొప్పి అన్న మాట ఒక్కటి నా చెవిన పడి ఉంటే చేతిలో సూది అక్కడే పడేసి పరిగెత్తేదాన్ని. "మీరన్నా నాకు ఒక్క ఫోన్ చేసుంటే" అన్నాను. పక్కన నడిచిపోతున్న ఇద్దరు ఆగి చూశారు. ఆ రోజు కూడికలో ఆయన నన్ను నిలబెట్టినట్టు ఇప్పుడు ఆయన్ని ఈ బజారులో నిలబెట్టాలనిపించింది. నిలబెట్టగలను కూడా. కాగితం నా చేతిలో ఉంది.

కానీ నా దగ్గర కూడా ఒకటి ఉంది. ఎవరికీ చెప్పనిది.

"అది ఫోన్ చేయగానే నేనేమన్నానో తెలుసా మీకు? ఏంది, తొందరగా చెప్పు, పనిలో ఉండా అన్నా. అందుకే నొప్పి సంగతి చెప్పలేదు. ఏం లేదు మా, నీరసంగా ఉండాది, అంతే అనింది. నా గొంతు విని ఊరుకునింది."

ఆయన అప్పుడు ఏడ్చాడు. ఆసుపత్రిలోగానీ, సమాధి దగ్గరగానీ ఆయన ఏడవగా నేను చూడలేదు. మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని, ముఖం దాచుకుని, పసివాడిలా శబ్దం చేస్తూ ఏడ్చాడు. "మొదటి రోజే చెప్పాల్సింది. నోరు రాలా. అందరూ నీ వంక చూస్తా ఉంటే నేను తప్పించుకున్నా" అన్నాడు. నా చెయ్యి ఆయన వీపు దాకా వెళ్లింది. ఆనించలేకపోయాను. ఏడాదిన్నరగా నేనొక్కదాన్నే మోశాను అనుకున్నది ఇద్దరిదీ అని తెలిస్తే బరువు తగ్గాలి గదా. తగ్గలేదు. మా బిడ్డ ఆ అయిదు నిమిషాల్లో ఇద్దరినీ అడిగింది. ఇద్దరం వెంటనే రాలేమన్నాం. అది కొత్త బరువు.

స్టేషన్‌కు నడిచే వెళ్లాం. ముందు ఆయన రైలు వచ్చింది. ఎక్కబోతూ, "కొత్త నంబరు తీసుకున్నాక నాకు చెప్తావా?" అన్నాడు.

"ఎట్టా చెప్పేది? మీదీ పోయింది గదా" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పొద్దున దాకా ఎన్నడూ చేయకపోయినా చేయడానికి నంబర్లు ఉన్నాయి. ఇప్పుడు అవీ లేవు. ఆయన ఇంకేదో అనబోయాడు. రైలు కదిలింది.

పదిహేను రోజుల తర్వాత మా ఆడబిడ్డ బోగోలు వచ్చింది. నేను ఎక్కడుంటున్నానో అడిగి అడిగి కనుక్కుందట. వచ్చీ రాగానే నా రెండు చేతులూ పట్టుకుంది. "ముందటి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా అన్న లేచి నిలబడినాడు వదినా" అంది. పాస్టరుగారి అనుమతి అడిగి, బిడ్డ ముందు తనకే ఫోన్ చేసిందని, నొప్పి అని తనకే చెప్పిందని, ఆ సంగతి దాచి అందరి ముందు భార్యను నిందించానని చెప్పాడట. ఆ రోజు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్లందరూ అక్కడ ఉన్నారట.

"నేను కూడా ఆ పొద్దు నీ పక్కన నిలబడలేదు వదినా" అని ఆమె ఏడ్చింది.

సంతోషించాలేమో. నేను గుమ్మంలో నిలబడి, ఆయన ఆ మాటలు చెబుతున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుని ఉంటాడా అని ఆలోచించాను.

ఆ తర్వాత ఆయనే వచ్చాడు, ఒక ఆదివారం మధ్యాహ్నం. చిన్న కాగితం మీద తన కొత్త నంబరు రాసి తెచ్చాడు. ఫోన్ చేసి చెప్పడానికి ఆయన దగ్గర నా నంబరు లేదు గదా మరి. ఒకే గది ఇల్లు నాది. నేల మీద చాప వేశాను. చేపల పులుసు, అన్నం పెట్టాను. తింటూ సగంలో ఆగి, "వచ్చేస్తావా?" అన్నాడు.

రాను అనాలనిపించలేదు. వస్తానని అనడానికీ నోరు రాలేదు. కోట ఇంట్లో ఆ మంచం ఉంది. ఆ మంచం ఉన్న గదిలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తినడం నా ఊహకు అందలేదు. "ఇంకా కొన్నాళ్లు పోనీ" అన్నాను. సరేనన్నాడు. పళ్లెంలో ఉన్నది మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, పళ్లెం కూడా తనే కడిగి బోర్లించాడు. పెళ్లయినప్పటినుంచీ ఆయన పళ్లెం కడగడం నేను చూడలేదు.

ఇప్పుడు నెలకోసారి వస్తాడు. ఆదివారం వచ్చి సాయంత్రం రైలుకు పోతాడు. కొన్నిసార్లు పాప మాట ఎత్తుతాం, కొన్నిసార్లు రొయ్యల ధర గురించి, నా మోకాలి నొప్పి గురించి మాట్లాడుకుంటాం. మధ్యలో ఫోన్లు కూడా చేసుకుంటాం. ఫోన్ మోగినప్పుడు ఆయన ఎంత పనిలో ఉన్నా ఎత్తుతాడు. నేనూ అంతే, ఎత్తి ముందు మాట్లాడను. అవతలి మనిషి చెప్పవలసిందంతా చెప్పేదాకా ఆగుతాను. పోయిన నెల ఆయన వెళ్లేటప్పుడు వీధి మలుపు దాకా వెంట నడిచాను. ఉండిపొమ్మని అనబోయి అనలేదు. ఆయన ఆటో ఎక్కి, లోపలికి పో, ఎండగా ఉంది అన్నాడు. ఆటో పోయాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.